పాత మొహం, కొత్త కెమెరా: డయళ్ల మోజులో షోకెంత, పనెంత

కనుమ నాడు కోనసీమలో జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్తే ఇప్పుడు రెండు రకాల కెమెరాలు కనిపిస్తాయి. స్టూడియోల వాళ్ల దగ్గర నల్లటి, బరువైన, చేతి పట్టుకు ఒంపులు తిరిగిన కెమెరాలు. ఇరవయ్యేళ్ల కుర్రాళ్ల మెడల్లో మాత్రం పైన వెండి రంగు, కింద నల్ల తోలు, నెత్తిన అంకెలు చెక్కిన చక్రాలతో, అంటే డయళ్లతో, తాతల నాటి వాటిలా ఉండే చిన్న కెమెరాలు. తమాషా ఏంటంటే, యాషికాలతో పెళ్లిళ్లు తీసి, రీళ్లు కడిగించి ఆల్బమ్‌లు అతికించిన పాతకాపులు మొదటి రకం వాడుతున్నారు. రీలు ఎక్కించడం ఎన్నడూ చూడని వాళ్లు రెండో రకం కొంటున్నారు.

కాబట్టి పాత జ్ఞాపకాల మీద మమకారం అనే ఒక్క మాటతో ఈ మోజును తేల్చేయలేం. లేని జ్ఞాపకం మీద మమకారం ఎక్కడ పుడుతుంది? ఇన్‌స్టాగ్రామ్ చూసి ఎగబడుతున్నారని కొందరంటారు. ఫోటో తీయడమంటే ఏంటో నేర్పేవి ఇవేనని ఇంకొందరంటారు. రెండు మాటల్లోనూ నిజముంది. చిక్కల్లా ఈ కెమెరాలన్నిటినీ ఒకే గాటన కట్టేయడం దగ్గర వస్తోంది. కొన్నింటికి మొహం మాత్రమే పాతది. కొన్నింటికి పనితీరూ పాతదే. కొన్ని రెంటికీ మధ్యలో ఊగిసలాడతాయి. ఆ తేడా తెలియాలంటే ముందు ఆ చక్రాల మీది అంకెల సంగతి చూడాలి.

నెత్తి మీది అంకెలు ఏం చెబుతాయి

ఫోటోకు కావాల్సింది సరిపడా వెలుతురు. చేలోకి నీళ్లు పెట్టేటప్పుడు తూము ఎంత ఎత్తాం, ఎంతసేపు ఎత్తి ఉంచాం అని చూసుకున్నట్టే ఇక్కడా రెండు కొలతలు. లెన్స్ కన్నం ఎంత తెరుచుకుందో చెప్పేది అపర్చరు. దాని అంకెలు ఎఫ్/2, 2.8, 4, 5.6, 8, 11, 16. అంకె పెరిగే కొద్దీ కన్నం చిన్నదవుతుంది, ఒక్కో మెట్టుకు వెలుతురు సగానికి పడుతుంది. ఆ కన్నం గుండా వెలుతురు ఎంతసేపు లోపలికి వస్తుందో చెప్పేది షట్టర్ స్పీడు. 1/60, 1/125, 1/250, 1/500, 1/1000 అంటే సెకనులో అన్నో వంతు. ఇక్కడా మెట్టుకు సగమే. వచ్చిన వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపించాలో చెప్పేది ఐఎస్ఓ. పెంచితే చీకట్లోనూ ఫోటో వస్తుంది, దాంతోపాటు ఇసక చల్లినట్టు గ్రెయిన్సూ వస్తాయి.

ఈ మూడూ వెలుతురుతో ఆగవు. అపర్చరు బాగా తెరిస్తే మనిషి వెనక ఉన్నదంతా మసకబారుతుంది. షట్టర్ స్పీడు తగ్గితే కదిలేది చెదురుతుంది.

జగ్గన్నతోటకే వెళ్దాం. పదకొండు ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు, అంటే దేవుణ్ణి నిలిపి భుజాల మీద మోసుకొచ్చే ఎత్తైన అలంకారపు కట్టడాలు, వచ్చే చోటది. నిండు ఎండ. రీలు రోజుల్లో అందరి నోటా ఉన్న లెక్క ఒకటుంది: నిండు ఎండలో ఎఫ్/16 పెట్టి, ఐఎస్ఓ అంకెకు దగ్గరి షట్టర్ స్పీడు పెడితే సరిపోతుంది. ఐఎస్ఓ 125 అయితే 1/125. ప్రభను భుజాల మీద మోస్తూ జనం కౌశిక కాలువలో దిగారు. కాళ్ల దగ్గర లేచే నీటి చుక్కలు గాల్లో ఆగినట్టు రావాలంటే 1/125 చాలదు, 1/1000 కావాలి. అంటే మూడు మెట్ల వెలుతురు పోయింది. దాన్ని అపర్చరులో తిరిగి తెచ్చుకోవాలి: 16 నుంచి 11, 8, 5.6. వెరసి ఎఫ్/5.6, 1/1000.

ప్రభ గట్టెక్కి కొబ్బరిచెట్ల నీడలోకి వచ్చింది. అక్కడ వెలుతురు సుమారు నాలుగు మెట్లు తక్కువనుకుందాం. ఎఫ్/5.6 అలాగే ఉంచితే షట్టర్ 1/60కి దిగాలి, నడిచేవాళ్లు చెదిరిపోతారు. అపర్చరు ఎఫ్/2 దాకా తెరిస్తే 1/500 దక్కుతుంది, కానీ ఒక మొహమే స్పష్టంగా ఉండి వెనక జనం మసకవుతారు. జనమంతా కావాలంటే ఎఫ్/5.6, 1/500 పెట్టి ఐఎస్ఓను 1000కి పెంచాలి. ఈ చివరి దారి రీలు వాళ్లకు లేదు. ఒకసారి ఎక్కించాక ముప్పై ఆరు ఫోటోలూ ఆ ఐఎస్ఓతోనే.

డయళ్లున్నా లేకపోయినా ఈ లెక్క మారదు. ఫోన్ కెమెరా కూడా లోపల ఇదే చేస్తుంది, మనకు చెప్పదంతే. డయళ్లతో మారేది, లెక్క ఎక్కడ కనిపిస్తుంది, ఎవరి చేతిలో ఉంటుంది అన్నది.

డయళ్లు పోవడానికీ కారణముంది

1982లో వచ్చిన రీలు కెమెరా నికాన్ ఎఫ్ఎం2నే తీసుకోండి. బ్యాటరీ లేకపోయినా దాని షట్టర్ 1/4000 దాకా పనిచేసేది. బ్యాటరీ వెలుతురు మీటరుకే. డయల్ తిప్పితే లోపల పళ్లచక్రాలు, స్ప్రింగులు నిజంగా కదిలేవి. అంటే డయల్ అలంకారం కాదు, యంత్రంలో భాగం.

తర్వాత యంత్రం మారింది. 1985లో మినోల్టా 7000 ఆటోఫోకస్ మోటారును కెమెరాలోనే పెట్టి, డయళ్లు తీసేసి బటన్లు ఇచ్చింది. 1986లో కానన్ టీ90 చూపుడువేలి కింద ఒకే ఒక చక్రం, పక్కన చిన్న ఎల్‌సీడీ తెర పెట్టింది. మరుసటి ఏడాది వచ్చిన కానన్ ఈఓఎస్‌లో లెన్స్ కన్నాన్ని కూడా కరెంటే తెరిచేది, మూసేది. దాంతో లెన్స్ మీది అపర్చరు రింగుకు పనిలేకుండా పోయింది. ఈనాటి స్టూడియో కెమెరాలన్నీ ఆ వంశమే. ఏది కెమెరా చూసుకోవాలో, ఏది మనం పెట్టాలో ఎంచుకునే ఒక మోడ్ డయల్, వేలికి ఒకటో రెండో చక్రాలు, మిగతాదంతా తెర మీద.

దీన్ని దిగజారుడు అనుకోవడం పొరపాటు. షట్టర్ బటన్ మీది వేలు అక్కడి నుంచి కదలక్కర్లేదు. మెట్టులో మూడో వంతు చొప్పున మార్చుకోవచ్చు. మొత్తం సెట్టింగును ఒక పేరు కింద దాచుకుని, కావాల్సినప్పుడు ఒక్క తిప్పుతో తెచ్చుకోవచ్చు. తలంబ్రాలు ఎవరి కోసమూ రెండోసారి పొయ్యరు కాబట్టి పెళ్లి తీసేవాడికి ఈ మూడూ ముఖ్యమే.

పోయిన డయళ్లు తిరిగి వచ్చిన దారి

2004లో ఎప్సన్ ఆర్-డీ1 అనే డిజిటల్ కెమెరాకు రీలు తిప్పే లీవర్ లాంటిది పెట్టారు. లోపల రీలు లేదు, ప్రతి ఫోటోకూ షట్టర్‌ను సిద్ధం చేయడానికి ఆ లీవర్. పైన గడియారం ముళ్లలా తిరిగే సూచికలు కూడా ఉండేవి. 2009లో ఒలింపస్ ఈ-పీ1, 1959లో మొదలైన తమ పెన్ కెమెరాల రూపంతో వచ్చింది. రూపం వరకే పాతది, సెట్టింగులన్నీ మామూలు డిజిటల్ కెమెరాలాగే.

మలుపు 2011లో అమ్మకానికి వచ్చిన ఫుజిఫిల్మ్ ఎక్స్100. 12.3 మెగాపిక్సెళ్లు, మార్చుకోవడానికి వీల్లేని ఒకే లెన్స్, దాని చుట్టూ అపర్చరు రింగు, పైన షట్టర్ స్పీడు డయల్. 2013లో నికాన్ డీఎఫ్, 2021లో జెడ్ ఎఫ్‌సీ, 2023లో జెడ్ ఎఫ్ వచ్చాయి. ఎఫ్ఎం2 పోలికలు చివరి రెంటిలో కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. 2020 నాటి ఫుజిఫిల్మ్ ఎక్స్100వీ టిక్‌టాక్ పుణ్యమా అని దొరకడమే గగనమైంది. దాని తర్వాతి ఎక్స్100 సిక్స్ 2024 ఫిబ్రవరిలో ప్రకటించగానే మళ్లీ అదే కరువు.

'ఏ' ఉన్న చోట కెమెరా ఇష్టం, అంకె ఉన్న చోట మన ఇష్టం

పాత పనితీరు అంటే ఏంటో ఫుజిఫిల్మ్ పద్ధతిలో తేటగా తెలుస్తుంది. అపర్చరు రింగు మీద అంకెల చివర 'ఏ' ఉంటుంది. షట్టర్ డయల్ మీదా ఒక 'ఏ'. ఏ అంటే ఆటో. రెండూ ఏ దగ్గర ఉంటే కెమెరా అంతా తనే చూసుకుంటుంది. అపర్చరు 5.6 దగ్గర పెట్టి షట్టర్‌ను ఏ దగ్గర వదిలితే, కన్నం మన ఇష్టం, సమయం దాని ఇష్టం. షట్టర్ 1/1000 దగ్గర పెట్టి అపర్చరును ఏకి తిప్పితే ఇందుకు తలకిందులు. రెండూ అంకెల మీద ఉంటే పూర్తిగా మాన్యువల్. వేరే మోడ్ డయల్ ఉండదు, అక్కర్లేదు కూడా. ఇక్కడో చిన్న మెలిక ఉంది. నికాన్ లాంటి వాటి మోడ్ డయల్ మీది ఏ అంటే ఆటో కాదు, అపర్చరు మన చేతిలో ఉండే మోడ్. ఒకదాని నుంచి ఇంకొకదానికి మారిన వాళ్లు తికమకపడేది ఇక్కడే.

మోడ్ అనే మాట వినకుండానే నేర్చుకునేవాడికి ఎవరి పని ఏదో అర్థమైపోతుంది. డయళ్లు నేర్పుతాయనే వాదనలో నాకు గట్టిగా నిలబడేది ఈ ఒక్క ముక్కే. చక్రం తిప్పినంత మాత్రాన ఎవరూ ఫోటోగ్రాఫర్ కారు. కానీ అంకె ఎప్పుడూ ఒకే చోట ఉంటే, దానికీ ఫోటోకీ ఉన్న సంబంధం తొందరగా ఒంటపడుతుంది.

రెండో లాభం చూపుది. నర్సాపురం నుంచి సఖినేటిపల్లికి పంటు మీద వశిష్ఠ గోదావరి దాటుతుంటే మిట్టమధ్యాహ్నం పైనుంచి ఎండ, కింద నీటి నుంచి దాని మెరుపు. కెమెరా వెనక తెర మీద మన మొహం తప్ప ఏమీ కనిపించదు. చెక్కిన అంకెకు ఆ బాధ లేదు. కెమెరా ఆఫ్‌లో ఉన్నా ఎఫ్/8, 1/500, ఐఎస్ఓ 125 అని చూసుకుని, అవతలి రేవు రాకముందే సిద్ధంగా ఉండొచ్చు.

కెమెరా లెక్కగట్టిన వెలుతురును కాస్త పెంచడానికో తగ్గించడానికో ఉండే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ డయల్‌కూ ఇదే వర్తిస్తుంది. కెమెరా మీటరు ఎదుట ఉన్నదాన్ని సగటు బూడిద రంగుకు తేవాలని చూస్తుంది. ఫ్రేము నిండా తెల్ల పంచెలు ఉంటే వాటిని మాసిన రంగుకు దించేస్తుంది. కొబ్బరాకుల సందుల్లోంచి ఆకాశం వెలుగుతుంటే కింద నిలబడ్డ మనిషి మొహాన్ని నల్లగా చేస్తుంది. రెండు చోట్లా బొటనవేలితో డయల్‌ను +1కి తిప్పితే సరిపోతుంది. అయితే అపర్చరు, షట్టర్, ఐఎస్ఓ మూడూ అంకెల మీద బిగించి ఉంటే ఈ డయల్ తిప్పినా ఫోటో మారదు. మార్చడానికి కెమెరా చేతిలో ఏమీ మిగల్లేదు కదా.

ఒకే ఏడాది, ఒకే సెన్సర్, రెండు ఒళ్లు

డయళ్ల కెమెరాల్లో ఫోటో బాగా వస్తుందా? 2022లో ఫుజిఫిల్మ్ రెండు కెమెరాలు తెచ్చింది. ఎక్స్-హెచ్2కు లోతైన పట్టు, మోడ్ డయల్, పైన చిన్న తెర. ఎక్స్-టీ5కు షట్టర్, ఐఎస్ఓ, కాంపెన్సేషన్ మూడింటికీ విడివిడి డయళ్లు. లోపల మాత్రం రెంటిలోనూ రీలు బదులు వెలుతురును పట్టే అదే 40.2 మెగాపిక్సెళ్ల సెన్సర్, అదే తరం ప్రాసెసర్. ఒకే లెన్స్ తగిలించి ఒకే అంకెల మీద తీస్తే ఏ ఫోటో దేనిదో చెప్పలేం. బ్యాటరీతో కలిపి మొదటిది 660 గ్రాములు, రెండోది 557. వేగంగా వరసపెట్టి తీసేవారి కోసం మొదటి దానిలో సీఎఫ్ఎక్స్‌ప్రెస్ అనే వేగమైన మెమరీ కార్డు పడుతుంది, రెండో దానిలో పట్టే రెండు కార్డులూ మామూలు ఎస్‌డీలే.

అంటే కంపెనీయే తేల్చి చెప్పినట్టు: ఫోటో నాణ్యత సెన్సర్‌ది, లెన్స్‌ది. డయళ్లు తీసేవాడి చేతి సంగతి. పెద్ద జూమ్ లెన్స్ తగిలించి పొద్దస్తమానం పట్టుకునేవాడికి ఆ లోతైన పట్టు విలువ తెలుస్తుంది. చిన్న లెన్స్‌తో కడియపులంక నర్సరీల్లో తిరిగేవాడికి తేలికపాటి ఒళ్లు హాయి.

డయల్ మాట చెల్లని చోట్లు

ఇక అసలు మడతపేచీ. డయల్ ఉన్నంత మాత్రాన అది పనిచేస్తోందని కాదు.

నికాన్ జెడ్ ఎఫ్‌కు ఇత్తడి డయళ్లు, తిప్పితే టిక్కుమనే శబ్దం, చూడముచ్చటగా ఉంటుంది. కానీ ఐఎస్ఓ డయల్ కింద ఒక మీట ఉంది: ఆటో, పీ, ఏ, ఎస్, ఎమ్. మీట ఏ దగ్గర ఉంటే (అంటే అపర్చరు మనది, షట్టర్ కెమెరాది) షట్టర్ డయల్‌ను ఎటు తిప్పినా పట్టించుకోదు. పైన 1/125 అని చూపిస్తూనే లోపల 1/2000 నడుస్తుండవచ్చు. పైగా నికాన్ జెడ్ లెన్స్‌ల మీద ఎఫ్ఎం2 కాలంలోలా అంకెలు చెక్కిన అపర్చరు రింగు ఉండదు. అందుకని వేలికింద చక్రంతో మార్చి, పైన చిన్న కిటికీలో అంకె చూసుకోవాలి. ఇది ఎఫ్ఎం2 వేషం వేసుకున్న ఆధునిక కెమెరా. అలా అనడం తిట్టు కాదు. దానికి ఆ మీట ఉండటమే వేగం కావాల్సిన వాళ్లకు ఊరట.

ఫుజిఫిల్మ్‌కూ అతుకులున్నాయి. దాని చవక లెన్స్‌లు కొన్నింటి మీద అపర్చరు రింగు లేదు. అవి తగిలిస్తే పైన చెప్పిన ఏ పద్ధతి సగం కూలిపోయినట్టే. దాచుకున్న సెట్టింగులతో పేచీ ఇంకొకటి. చక్రం 1/125 మీద కూర్చుని ఉంటే సాఫ్ట్‌వేర్ దాన్ని చేత్తో తిప్పలేదు కదా. మంటపంలోంచి బయటి ఎండలోకి పరిగెత్తే పెళ్లి ఫోటోగ్రాఫర్ మోడ్ డయల్ కెమెరాలో ఒక్క తిప్పుతో మారిపోతే, ఇక్కడ మూడు చక్రాలు తిప్పాలి.

మన కరెంటుతో వచ్చే తంటా ఒకటి ఎక్కువమంది గమనించరు. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్. దాని మీద నడిచే దీపాలు చాలావరకు సెకనుకు వందసార్లు మినుకుతాయి, కంటికి తెలియదు గానీ కెమెరాకు తెలుస్తుంది. షట్టర్ 1/50 గానీ 1/100 గానీ ఉంటే ప్రతి ఫోటోలోకీ మినుకులు పూర్తిగా వచ్చి వెలుగు సమంగా పడుతుంది. లేకపోతే చారలో, ఫోటోకీ ఫోటోకీ రంగు తేడాలో వస్తాయి. డయల్ మీద చెక్కినవేమో 1/60, 1/125. మాఘ శుద్ధ దశమి రాత్రి అంతర్వేది కల్యాణానికి వెళ్లి, దీపాల కింద డయల్‌ను 1/125 దగ్గర వదిలేస్తే ఇబ్బందే. ఫుజిలో అయితే 1/125 దగ్గరే ఉంచి వేలి చక్రంతో మెట్టులో మూడో వంతు తగ్గించి 1/100 తెచ్చుకోవాలి. జెడ్ ఎఫ్‌లో డయల్‌ను '1/3 స్టెప్' అనే గుర్తు దగ్గర పెట్టి, మొత్తం పనిని వేలి చక్రానికి అప్పగించాలి. అప్పుడు చెక్కిన అంకె చూసి లాభం లేదు, మళ్లీ తెర చూడాల్సిందే. చీకట్లో ఎటూ అంతే. పంటు మీద ఎండలో చక్కగా కనిపించిన అంకెలు రాత్రి తీర్థంలో కనిపించవు, వెలిగే తెరే దిక్కు.

షోకు అనుకున్నా తప్పేం లేదు, కాకపోతే

ఇవి నగలు, కెమెరాలు కావనే విమర్శను తేలిగ్గా కొట్టేయలేం. లైకా ఎం10-డీ అనే డిజిటల్ కెమెరాలో రీలు లీవర్ లాంటి ముక్క ఉంది. అది తిప్పితే ఏమీ జరగదు, బొటనవేలు ఆనించుకోవడానికే. వెనక ఫోటో చూసే తెర కూడా తీసేశారు. కొనేవాడు లేనిదానికి డబ్బిస్తున్నాడా, లేకపోవడానికా అన్నది వాదించుకుంటే తెమలదు.

అటు పక్క వాదనా వినాలి. తెర చూడకుండా, కన్ను వ్యూఫైండర్‌కు ఆనించి, రెండు అంకెలు ఆలోచించి తీసేవాడు తక్కువ ఫోటోలు తీస్తాడు, తీసిన వాటిని ఎక్కువ గుర్తుపెట్టుకుంటాడు అంటారు ఇష్టపడేవాళ్లు. కొలవడం కష్టం గానీ ఆ ఆనందం అబద్ధం కాదు. రోజూ వాడాలనిపించే వస్తువుతోనే చేయి తిరుగుతుంది.

కుర్రాళ్లకు ఇంకో ఆకర్షణ రంగు. ఫుజిఫిల్మ్ తమ పాత రీళ్ల రంగులను కెమెరాలోనే పెట్టింది. ప్రోవియా, వెల్వియా నిజంగా అమ్మిన రీళ్ల పేర్లు. క్లాసిక్ క్రోమ్ అనే పేరుతో రీలేదీ లేదు, పాత పత్రికల ఫోటోల ఛాయ అది. కంప్యూటర్ ముట్టకుండా కెమెరా నుంచి ఫోన్‌కు, ఫోన్ నుంచి నెట్‌కు ఫోటో వెళ్లిపోతుంది. ఇది డయళ్ల గొప్ప కాదు. ఎక్స్-హెచ్2లోనూ ఆ రంగులున్నాయి. కానీ జనం మనసులో రెండూ కలిసిపోయి, డయల్ తిప్పడం వల్లే ఆ రంగు వస్తోందన్నంత పేరొచ్చింది.

గోదారి జిల్లాల్లో కొనేవాడికి వచ్చే లెక్క

ఎక్స్100 సిక్స్ మన దగ్గర లక్షన్నర పైమాటే. లెన్స్ మార్చడానికి వీల్లేదు, అది 23 మి.మీ. ఎఫ్/2, జూమ్ లేదు. కోరింగ మడ అడవుల్లో పిట్టలకు పనికిరాదు, ఇంట్లో పిల్లలకు, వీధికి, తీర్థానికి పనికొస్తుంది. దానిలో ఎండకు పనికొచ్చే సదుపాయం ఒకటి దాగి ఉంది. నిండు ఎండలో ఐఎస్ఓ 125 దగ్గర ఎఫ్/2 పెట్టి వెనకంతా మసక చేయాలంటే లెక్క ప్రకారం 1/8000 కావాలి. దాని మెకానికల్ షట్టర్ 1/4000 దాకానే. లోపలే ఉన్న ఎన్‌డీ ఫిల్టర్ నాలుగు మెట్ల వెలుతురు ఆపేస్తుంది కాబట్టి 1/500తో పని జరిగిపోతుంది. ఈ ఫిల్టర్ కోసం మాత్రం పైన డయల్ లేదు, ఏదో ఒక బటన్‌కు అప్పగించుకోవాలి, లేదా మెనూలో వెతుక్కోవాలి.

వానాకాలం సంగతి వేరు. ఎక్స్-టీ5, జెడ్ ఎఫ్ ఒళ్లకు దుమ్ము, తేమ లోపలికి రాకుండా సీళ్లున్నాయని కంపెనీలు చెబుతాయి. తగిలించే లెన్స్‌కూ ఆ సీళ్లుంటేనే అది పనికొచ్చే మాట. ఎక్స్100 సిక్స్ ఒక్కటే తీసుకెళ్తే ఆ రక్షణ పూర్తి కాదు, లెన్స్ ముందు వేరేగా అమ్మే అడాప్టర్ రింగు, దానికో ఫిల్టర్ బిగించాకే కంపెనీ ఆ మాట అంటుంది. ఇక ఏ కెమెరా అయినా బీరువాలో బట్టల మధ్య నెలల తరబడి పెడితే, ఈ తేమకు లెన్స్ లోపల సాలెగూడులా ఫంగస్ పడుతుంది. గాలి చొరని డబ్బా, అందులో సిలికా జెల్ పొట్లాలు, కాస్త డబ్బుంటే తేమ పీల్చే డ్రై క్యాబినెట్, ఇవన్నీ కెమెరా ధర మీద పడే అదనపు ఖర్చే.